పాటలో పది అంకెలు

మీ ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ ఉంటే ఈ పత్రికను కాసేపు పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు అడిగి చూడండి. "నీ పేరేమిటి?" అంటే చెబుతాడు. "మీ అబ్బా పేరేమిటి?" అంటే "అబ్బా" అంటాడు. "మీ ఇల్లెక్కడ?" అంటే "మసీదు పక్కన" అంటాడు. "మీ అమ్మీ పేరేమిటి?" అంటే, అమ్మీకి వేరే పేరు కూడా ఉంటుందా అన్నట్లు మిమ్మల్ని వింతగా చూస్తాడు. బిడ్డ లోకంలో ఈ జవాబులన్నీ సరైనవే. ఆ వీధిలో అవి అందరికీ సరిపోతాయి కూడా. వీధి దాటిన తరువాత మాత్రం మసీదులు అనేకం, అబ్బాలు అనేకులు.

ఇప్పుడు అదే బిడ్డ కుప్పం రైల్వే స్టేషన్‌లో ఉన్నట్లు ఊహించండి. కుప్పం బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గంలో ఉంది. తల్లి సామాను దించుకునే హడావిడిలో బిడ్డ పెట్టెలోనే ఉండిపోతే, ఒక దిక్కుకు పోయే రైలు అతడిని కర్ణాటకలోని బంగారుపేటకు చేరుస్తుంది. మరో దిక్కుకు పోయే రైలు తమిళనాడులోని జోలార్‌పేటకు చేరుస్తుంది. రాష్ట్రం మారుతుంది, పోలీసు మారుతాడు, భాష మారుతుంది. మదనపల్లె బస్టాండ్‌లో బెంగళూరు బస్సు ఎక్కిన బిడ్డ దిగేది కన్నడ నేల మీదనే. పుంగనూరు నుంచి కూడా కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు. లోతట్టు జిల్లాల్లో తప్పిపోయిన బిడ్డకు కనీసం చుట్టూ వినిపించే మాట అయినా తెలిసినదై ఉంటుంది. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలన ఆ భరోసా కూడా లేదు.

ఆధార్ ఉంది కదా అని కొందరు తల్లిదండ్రులు ధైర్యపడతారు. ఐదేళ్ల లోపు పిల్లల ఆధార్ నమోదులో వేలిముద్రలు గానీ, కంటిపాప ముద్రలు గానీ తీసుకోరు. కనుక సరిగ్గా ఆ వయసులో, అంటే ఇంటి చిరునామా చెప్పలేని వయసులో, బిడ్డ వేలిని యంత్రం మీద ఉంచినా ప్రయోజనం ఉండదు. అప్పుడు బిడ్డ దగ్గర మిగిలేది అతని నోరే. ఆ నోటికి పది అంకెలు వస్తే అతడు ఏ రాష్ట్రంలో ఉన్నా కొన్ని నిమిషాల్లో తల్లి గొంతు వినగలడు.

పది అంకెలు నాలుగేళ్ల బిడ్డకు ఎలా వస్తాయి? పాటగా నేర్పితే వస్తాయని చాలామంది తల్లులు అనుభవంతోనే ఎరుగుదురు. అయితే పాట చేసే పని సగమే. మిగిలిన సగం ఏమిటో చెప్పడానికి మదనపల్లెలోనే ఒక చక్కని ఉదాహరణ ఉంది.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. అక్కడ ఠాగూర్ తన 'జన గణ మన' గీతాన్ని పాడి వినిపించారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ గీతాన్ని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించారు. తరువాత 1950 జనవరి 24న అది జాతీయ గీతమైంది. నేడు మదనపల్లెలోనే కాదు, దేశంలోని ఏ బడిలోనైనా ఆరేళ్ల పిల్లలు సంస్కృత పదాలతో నిండిన ఆ వంగ భాషా గీతాన్ని, ఒక్క పదానికీ అర్థం తెలియకుండానే, పొల్లుపోకుండా పాడుతున్నారు. బాణీకి ఉన్న శక్తి అటువంటిది.

ఆ గీతంలో ఏడు ప్రాంతాల పేర్లు వరసగా వస్తాయి. మీ అబ్బాయిని పిలిచి, "అందులో అయిదవ పేరు ఏది?" అని అడగండి. వెంటనే చెప్పలేడు. లోలోపల మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి, వేళ్లు మడిచి లెక్కపెట్టి అప్పుడు చెబుతాడు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వెళతాడు. పెద్దలమైన మనమూ అంతే. బాణీ ఒక దారం వంటిది. దానిని మొదటి నుంచి లాగితేనే పూసలు వరసగా వస్తాయి. మధ్యలో పట్టుకుంటే ఏదీ చేతికి రాదు.

ఫోన్ నంబరు పాటకు కూడా ఇదే చిక్కు. ఇంట్లో గంతులు వేస్తూ అద్భుతంగా పాడే బిడ్డ, ఎవరో కొత్త మనిషి "నంబరు చెప్పు నాన్నా" అనగానే బిక్కమొహం వేస్తాడు. ఏడుస్తున్న బిడ్డ పాడలేడు. పాడినా, రాసుకునే మనిషి మధ్యలో "ఆగు, ఆగు, ఫైవ్ తరువాత ఏమన్నావు?" అంటే పాట తెగిపోతుంది. కాబట్టి పాటను అల్లడం, నేర్పడం ఒక పని. ఆ పాటలో నుంచి అంకెలను మామూలు మాటగా బయటికి తీయడం నేర్పడం మరొక పని. రెండవదాన్ని మనలో చాలామంది చేయడం లేదు.

మూడు, మూడు, నాలుగు

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, మనిషి ఒక్కసారి విని వెంటనే తిరిగి చెప్పగల అంశాలు సుమారు ఏడు అని చెప్పారు. ఇది పెద్దల లెక్క. నాలుగైదేళ్ల పిల్లలకు అది నాలుగు అంకెల దగ్గరే ఆగుతుంది. మనం మాత్రం మొబైల్ నంబరును అయిదు, అయిదుగా విడదీసి చెప్పడానికి అలవాటుపడ్డాం. దుకాణాల బోర్డుల మీద కూడా అలాగే రాస్తారు. పెద్దల నోటికి అది బాగుంటుంది. పిల్లలకు ఆ అయిదే ఒకటి ఎక్కువ. మూడు, మూడు, నాలుగుగా విడదీస్తే ప్రతి ముక్కా బిడ్డ గుప్పిట్లో పడుతుంది.

ఉదాహరణకు ఎవరికీ చెందని ఒక అంకెల వరస తీసుకుందాం: 105 – 284 – 7396. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కనుక ఇది ఏ ఇంటి మొబైల్ నంబరూ కాదు. దీనికి ఇటువంటి పాట అల్లవచ్చు:

వన్ జీరో ఫైవ్ – అమ్మీ పిలిచింది
టూ ఎయిట్ ఫోర్ – తలుపు తీసింది
సెవెన్ త్రీ నైన్ సిక్స్ – ఇల్లు వచ్చింది!

ఇందులో కవిత్వం ఏమీ లేదు, అవసరం కూడా లేదు. ప్రతి ముక్క వెనుక ఒక చిన్న మాట ఉండడం వల్ల ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది, ముక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. మూడు పంక్తులకూ ఒకే బాణీ ఉండాలి. ఇది మన ఊహ మాత్రమే కాదు. వాండా వాలెస్ అనే పరిశోధకురాలు 1994లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒకే బాణీ పలు చరణాలలో తిరిగి వచ్చినప్పుడు శ్రోతలు మాటలను బాగా గుర్తుపెట్టుకున్నారు. బాణీని ఒక్క చరణానికే విన్నవారికి ఆ లాభం కలగలేదు. కొత్త బాణీ కూడా నేర్చుకోవలసిన బరువే కదా! కనుక సరళమైనది, మళ్లీ మళ్లీ వచ్చేది మేలు.

పాట అనే మాట వినగానే మన పాఠకులలో కొందరికి సంకోచం కలగవచ్చు. ఇందులో వాద్యం లేదు, సినిమా ట్యూను అక్కరలేదు. నిజానికి సినిమా బాణీ వాడితే పిల్లల నోట అంకెల బదులు సినిమా మాటలే దూరుతాయి. ఎక్కాలు అప్పజెప్పే వరస, చెమ్మచెక్క ఆటలోని చప్పట్ల లయ, నానీ పాడే లోరీ, వీటిలో ఏదైనా సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మక్తబ్‌లో నేర్చుకునే తిలావత్ స్వరాన్ని ఈ పనికి బాణీగా వాడకూడదు. ఖుర్ఆన్ పారాయణానికి దాని మర్యాద దానికి ఉంది. రెండింటికీ తేడా తెలియని వయసులో వాటిని కలపడం మంచిది కాదు.

అంకెలను పలుకులుగా మార్చి దాచుకోవడం మన నేలకు కొత్త కాదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. అరబీ, ఫార్సీ, ఉర్దూ కవులు అబ్జద్ లెక్క ప్రకారం అక్షరాలకు విలువలు కట్టి, ఒక కట్టడం లేచిన సంవత్సరాన్నో ఒక పెద్దాయన మరణించిన సంవత్సరాన్నో ఒక్క పద్యపాదంలో ఇమిడ్చేవారు. దక్షిణాదిన కటపయాది పద్ధతి ఉంది. కర్ణాటక సంగీతంలో ధీరశంకరాభరణం అనే మేళకర్త పేరులోని మొదటి రెండు అక్షరాలను ఆ పద్ధతిలో చదివితే దాని వరస సంఖ్య 29 వస్తుంది. పండితులు తమ కోసం చేసుకున్న ఏర్పాటును మనం పసిపిల్లల కోసం చేస్తున్నాం, అంతే.

ఏ భాష అంకెలు?

ఈ ప్రశ్న మన ప్రాంతంలో చిన్నది కాదు. మదనపల్లె, పుంగనూరు ముస్లిం ఇళ్లలో అధికభాగం దక్కనీ మాట్లాడతాయి. నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగే. కుప్పంలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఆ ఊరిలో నెలకొల్పడం ఊరకే జరగలేదు. ఇక బడికి పోయిన బిడ్డ ఇంగ్లీషు అంకెలు నేర్చుకుంటాడు. ఒకే నంబరును అబ్బా ఒక భాషలో, అమ్మీ ఒక భాషలో, టీచరు మరో భాషలో చెబితే బిడ్డకు అవి మూడు వేర్వేరు పాటలవుతాయి.

పైన ఇచ్చిన వరసలో సున్నా నుంచి తొమ్మిది వరకు అన్ని అంకెలూ ఒక్కొక్కసారి ఉన్నాయి. దానిని తెలుగులో చదవండి: ఒకటి, సున్నా, ఐదు, రెండు, ఎనిమిది, నాలుగు, ఏడు, మూడు, తొమ్మిది, ఆరు. మొత్తం 25 అక్షరాలు. ఉర్దూలో చదవండి: ఏక్, సిఫర్, పాంచ్, దో, ఆఠ్, చార్, సాత్, తీన్, నౌ, ఛే. పొల్లులను విడిగా లెక్కించకపోతే 11. ఇంగ్లీషులో 12. అంటే తెలుగు వరసకు నోటి శ్రమ రెట్టింపు కంటే ఎక్కువ. ఇది జ్ఞాపకం మీద కూడా ప్రభావం చూపుతుంది. వెల్ష్, ఇంగ్లీషు రెండూ తెలిసిన వేల్స్ ప్రజల మీద ఎల్లిస్, హెన్నెల్లీ అనే పరిశోధకులు 1980లో ప్రచురించిన అధ్యయనం ఇదే చూపింది. వెల్ష్ అంకెల పేర్లను పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ భాషలో చెప్పినప్పుడు అదే మనిషికి తక్కువ అంకెలు గుర్తుండేవి. తెలివిలో తేడా లేదు, పదాల పొడవులోనే తేడా.

ఉచ్చారణ సౌలభ్యం చూస్తే ఉర్దూకు ఇంగ్లీషుకు పెద్ద భేదం లేదు. అయినా ఈ ఒక్క పనికి ఇంగ్లీషు అంకెలే మేలని నా అభిప్రాయం. కారణం ఒకటే. వినే మనిషి ఎవరో మనకు తెలియదు. బంగారుపేటలోని పోలీసుకు, జోలార్‌పేటలోని టీ దుకాణదారుకు, మదనపల్లె టమోటా మార్కెట్‌కు సరుకు కోసం వచ్చిన ఉత్తరాది లారీ డ్రైవరుకు అందరికీ తెలిసిన అంకెలు అవే. మాతృభాషలో లెక్కించడం బిడ్డ తప్పక నేర్చుకోవాలి, దానికి వేరే వేళ ఉంది. నంబరు మాత్రం ఇంట్లో అందరూ ఒకే భాషలో, ఒకే వరసలో, ఒకే విరుపుతో చెప్పాలి.

ఇంకో మాట. పెద్దలు "డబుల్ ఎయిట్", "ట్రిపుల్ నైన్" అంటారు. పిల్లలకు అది నేర్పవద్దు. "ఎయిట్ ఎయిట్" అని విడివిడిగానే చెప్పించాలి. ఉర్దూ పెద్దలు నంబరును జంటలుగా, ఉన్హత్తర్, నవాసీ అంటూ చెప్పే పద్ధతి ఇంకా కష్టం. వంద లోపు ఉర్దూ సంఖ్యల పేర్లు పెద్ద పిల్లలకే తడబాటు. సున్నాను ఒకరోజు జీరో అని, మరోరోజు 'ఓ' అని అనకుండా ఒకే పేరుతో పిలవాలి.

హిఫ్జ్ నేర్పే పాఠం

పాటలో నుంచి అంకెలను బయటికి తీయడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు కోసం మనం దూరం పోనక్కరలేదు. మన మదర్సాలలో తరతరాలుగా అమలులో ఉన్న హిఫ్జ్ పద్ధతిని గమనించండి. విద్యార్థి రోజూ కొత్త పాఠం చెబుతాడు, అది సబక్. ఈ మధ్య నేర్చిన పాఠాలను అప్పజెబుతాడు, అది సబ్కీ. ఎప్పుడో నేర్చిన భాగాలను వంతులవారీగా తిరగేస్తాడు, అది మంజిల్. ఏదీ ఒకసారి నేర్చి వదిలివేసేది కాదు. ఇక పరీక్ష సంగతి చూడండి. ఉస్తాద్ సూరాను మొదటి నుంచి చదవమని అడగరు. ఎక్కడో మధ్యలో ఒక ఆయతులోని కొన్ని మాటలు చదివి, "ఇక్కడి నుంచి చదువు" అంటారు. హాఫిజ్ అక్కడి నుంచి అందుకోవాలి. దారాన్ని మధ్యలో పట్టుకున్నా పూసలు చేతికి రావాలన్నదే ఆ పరీక్ష ఉద్దేశం.

ఇదే పద్ధతిని పది అంకెలకు అన్వయించుకోవచ్చు. మొదటి వారం మొదటి మూడు అంకెలు చాలు. అవి కుదురుకున్నాక రెండవ ముక్క, ఆపై మూడవది. కొత్త ముక్క నేర్పిన ప్రతిరోజూ పాతవి ముందు పాడించాలి. మొత్తం వచ్చిన తరువాత అసలు సాధన మొదలవుతుంది. ఒకరోజు "పాడకుండా చెప్పు" అనాలి. బిడ్డ మొదట తడబడతాడు, పెదవులు కదుపుతూ లోపల పాడుకుంటాడు. పాడుకోనివ్వండి. మరోరోజు మీరు కాగితం, కలం తీసుకుని, "నేను రాసుకుంటాను, నెమ్మదిగా చెప్పు" అని, ప్రతి ముక్క తరువాత కావాలనే ఆలస్యం చేయాలి. తరువాత "టూ ఎయిట్ ఫోర్... ఆపైన?" అని మధ్యలో నుంచి అడగాలి. ఆ తరువాత ఒక అంకె తప్పుగా తిరిగి చెప్పి, బిడ్డ సరిదిద్దుతాడా లేదా చూడాలి. సరిదిద్దిన రోజున ఆ నంబరు అతని సొంతమైనట్లు.

అడిగే మనిషి కూడా మారాలి. రోజూ తల్లికే చెప్పే బిడ్డ తల్లి ముందు మాత్రమే చెప్పగలడు. పక్కింటి ఖాలా, కిరాణా దుకాణం మామ, మక్తబ్ ఉస్తాద్ అప్పుడప్పుడు అడగాలి. పరుగెత్తి ఆయాసపడుతున్నప్పుడు, షాదీఖానాలో పెళ్లి సందడి మధ్యన అడిగి చూడాలి. ప్రశాంతంగా ఉన్న బిడ్డకు వచ్చినది, బెదిరిన బిడ్డకు రావాలంటే ఇంతకంటే మార్గం లేదు. బెదిరించి మాత్రం నేర్పకూడదు. "నంబరు రాకపోతే పిల్లల దొంగ ఎత్తుకుపోతాడు" అన్న ఇంట్లో ఆ పాటకు భయం అంటుకుంటుంది. అవసరమైన క్షణంలో ముందుగా వచ్చేది ఆ భయమే.

పాత కీప్యాడ్ ఫోన్ ఒకటి ఉంటే దానితో స్వయంగా నొక్కించండి. పాట చెవికి సంబంధించినది, ఇది వేలికి సంబంధించినది. తాళం వేసిన స్మార్ట్‌ఫోన్‌లో మామూలు నంబరు నొక్కడం కుదరదని, అత్యవసర నంబరు 112 మాత్రం తాళం తీయకుండానే చేయవచ్చని అయిదేళ్లు దాటిన పిల్లలకు చూపించాలి.

ఎవరి నంబరు?

అతి ముఖ్యమైన ప్రశ్నను చివరికి వదిలాను. ఎందుకంటే ఇంట్లో చర్చ జరగవలసినది ఇక్కడే.

సహజంగా తండ్రి నంబరు నేర్పుతారు. కానీ మన ప్రాంతంలో ఎందరో తండ్రులు కువైట్‌లో, సౌదీలో ఉన్నారు. కువైట్ నంబరు ఎనిమిది అంకెలు, ముందు 965 అనే దేశపు కోడ్. జోలార్‌పేట ప్లాట్‌ఫారం మీద ఒక దయగల ప్రయాణికుడు తన ఫోన్ నుంచి విదేశానికి కాల్ చేస్తాడని ఆశించలేం. చాలా ఫోన్లలో ఆ సౌకర్యమే ఉండదు. చేసినా, వేల మైళ్ల అవతల పనిలో ఉన్న తండ్రి ఏం చేయగలడు? బిడ్డ నేర్చుకునే నంబరు ఊరిలో మోగేదై ఉండాలి.

అప్పుడు తల్లి నంబరు మిగులుతుంది. దానికి అనేక కుటుంబాలు వెనుకాడతాయి. పరాయివారికి ఇంటి ఆడవారి నంబరు తెలియకూడదని పెద్దల పట్టుదల. నాలుగేళ్ల పిల్లవాడు ఆ నంబరును వీధి వీధికీ వినిపించేలా పాడుతుంటే ఇబ్బందిగా ఉండడం నిజమే. ఆ సంకోచాన్ని నేను చిన్నచూపు చూడను. నంబరు దుర్వినియోగమై వేధింపు కాల్స్ భరించిన స్త్రీలు ఉన్నారు. అయితే దీనికి దారులున్నాయి. నానా, దాదీ, ఊరిలో ఉండే మామూ, ఇంట్లో ఎప్పుడూ ఉండే ఎవరి నంబరైనా ఎంచుకోవచ్చు. లేదా ఒక చవక ఫోన్‌లో ఇంటికంతటికీ కలిపి ఒక నంబరు ఉంచుకోవచ్చు. ఈ నంబరు 'ఇంటి పాట' అని, పొద్దు పోక పాడేది కాదని, తప్పిపోయినప్పుడు చెప్పేదని బిడ్డకు కూడా చెప్పవచ్చు. పిల్లలు ఇటువంటి రహస్యాలను మనం అనుకున్నదానికంటే బాగా కాపాడతారు.

ఎవరి నంబరైనా సరే, తెలియని కాల్ వస్తే ఎత్తే అలవాటు ఆ ఫోన్ యజమానికి ఉండాలి. మన ఇళ్లలో చాలామంది స్త్రీలు కొత్త నంబరు కనిపిస్తే కట్ చేస్తారు. రోజువారీ జీవితంలో అది వివేకమే. కానీ బిడ్డ కోసం వచ్చే కాల్ తప్పకుండా తెలియని నంబరు నుంచే వస్తుంది. బిడ్డ పొరపాటు లేకుండా పది అంకెలూ చెప్పి, కానిస్టేబుల్ మూడుసార్లు ప్రయత్నించి, ఇటువైపు మూడుసార్లూ కట్ చేస్తే ఆ పాట ఎందుకు నేర్పినట్లు? కనీసం పిల్లలు బయటికి వెళ్లిన వేళల్లో, ప్రయాణాల్లో, జాతరలు, ఉర్సులు, పండుగ రద్దీ రోజుల్లో ప్రతి కాల్ ఎత్తాలని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి.

ఒకసారి నేర్పిన నంబరును మార్చకూడదు. కంపెనీ మారాలనుకుంటే అదే నంబరుతో మారే సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ఆఫర్ కోసం కొత్త సిమ్ తీసుకుని పాతదానికి రీఛార్జ్ మానేస్తే కొంతకాలానికి అది రద్దవుతుంది. రద్దయిన నంబరును 90 రోజుల తరువాత వేరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు బిడ్డ చెప్పిన నంబరు మోగుతుంది, ఎత్తేది మాత్రం ఎవరో పరాయి మనిషి. తప్పనిసరై నంబరు మారితే అదే బాణీలో కొత్త అంకెలు పోయకండి, పాతవీ కొత్తవీ కలిసిపోతాయి. కొత్త బాణీ, కొత్త మాటలు కట్టండి.

బిడ్డ ఎవరికి చెప్పాలి?

ముందుగా, తప్పిపోయానని తెలిసిన చోటనే ఆగిపోవడం నేర్పాలి. వెతుక్కుంటూ నడిచే బిడ్డను పట్టుకోవడం కష్టం. తరువాత యూనిఫాం వేసుకున్న పోలీసుకు, రైల్వే రక్షక దళం వారికి, బస్సు కండక్టరుకు, టికెట్ కౌంటర్‌లో కూర్చున్నవారికి, లేదా పిల్లలతో ఉన్న ఒక స్త్రీకి చెప్పాలి. తన పేరు, అబ్బా అసలు పేరు, ఊరి పేరు, ఆపైన నంబరు. ఊరి పేరు కూడా పాటలో చేర్చినా తప్పులేదు. "నంబరు చెబుతాను, ఫోన్ ఇక్కడే చేయండి, నేను మీతో రాను" అన్న మాట కూడా నేర్పాలి.

పెద్దల వైపు నుంచి కూడా కొన్ని నంబర్లు తెలిసి ఉండాలి. పిల్లల సహాయవాణి 1098 పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఇది 1996లో ముంబైలో మొదలైంది. రైళ్లకు 139, అన్ని అత్యవసరాలకు 112. బిడ్డ కనిపించకపోతే ఒక రోజు వేచి చూడాలన్నది అపోహ. తప్పిపోయిన పిల్లల విషయంలో పోలీసులు వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. అలాగే తప్పిపోయిన బిడ్డ మీకు దొరికితే ఇంటికి తీసుకువెళ్లి అన్నం పెట్టి నెమ్మదిగా వాకబు చేయడం మంచితనమే అయినా, చట్టం ప్రకారం బిడ్డను 24 గంటల లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కనుక ముందు 1098కి గానీ పోలీసుకు గానీ కబురు చేయండి.

"మనం ఎన్ని చేసినా కాపాడేవాడు అల్లాహ్ కదా, ఇన్ని ఏర్పాట్లు ఎందుకు?" అని అడిగే పెద్దలుంటారు. మూసా (అ.స.) తల్లి వృత్తాంతం వారికీ తెలిసినదే. బిడ్డను తిరిగి ఆమె వద్దకు చేరుస్తానని దైవం స్వయంగా వాగ్దానం చేసిన తల్లి ఆమె. అయినా పెట్టె నదిలో సాగిపోతుంటే కూతురిని వెంట పంపింది, దూరం నుంచి కనిపెట్టి చూడమంది. చివరికి బిడ్డ తల్లి ఒడికి చేరినది ఆ అక్క చెప్పిన మాట ద్వారానే.

ఇంకా మాటలు రాని పిల్లలు, మాట ఆలస్యమైనవారు, వినికిడి లోపం ఉన్నవారు కూడా మన ఇళ్లలో ఉన్నారు. వారికి పాట పనిచేయదు. చొక్కా కాలరు లోపలి వైపున, లేదా ఫ్రాకు నడుము పట్టీ లోపల, చెరగని సిరాతో నంబరు రాసిపెట్టవచ్చు. బిడ్డ పేరు మాత్రం అక్కడ రాయవద్దు. పేరు పెట్టి పిలిచిన కొత్త మనిషిని బిడ్డ తెలిసినవాడనుకుంటాడు. ఎంత చెరగని సిరా అయినా పది ఉతుకులకు వెలుస్తుంది. రమజాన్ చివరి రాత్రుల్లో పండుగ కొనుగోళ్లకు బజారుకు బయలుదేరే ముందు ఒకసారి చూసి మళ్లీ దిద్దుకోవాలి.